దుర్గమ్మకు ఫోన్ వచ్చిందా?

అంకాలపాలెం,
జూన్ 20.

ఒసే దుర్గా,

ఈ రోజుల్లో ఉత్తరం ఏంటే, ఫోన్ నీళ్ళలో పడేసుకున్నావా అని నవ్వుతావు. పడేసుకోలేదు. ఆఫీసు ఫోన్లు ఎత్తీ ఎత్తీ ఫోన్ అంటేనే విసుగొచ్చింది, అందుకని రాస్తున్నాను. రాజమండ్రి హాస్టల్లో ఉన్నప్పుడు సెలవులకి ఇళ్ళకెళ్ళి పేజీలకి పేజీలు రాసుకునేవాళ్ళం కదా. ఆ అలవాటు మళ్ళీ మొదలెడదాం. నీకు తీరినప్పుడు జవాబు రాయి. మీ పొన్నలంక పంటు పడవ మీద పోస్టుమేను రోజూ గోదారి దాటుతూనే ఉంటాడు.

ఈ ఏడు కూడా వరదల కంట్రోల్ రూమ్ నా నెత్తినే పడింది. కంట్రోల్ రూమ్ అంటే ఏదో పెద్దగా ఊహించుకోకు. తహసీల్దారు ఆఫీసు వెనక, పాత రికార్డులు పడేసే గది. వాటిని ఓ పక్కకి నెట్టి టేబులు వేశారు. ఒక ల్యాండ్‌లైను, ఒక వైర్‌లెస్ సెట్టు, గోడ మీద మండలం మ్యాపు. మూలన లైఫ్ జాకెట్లు ఉన్నాయి, నిరుటి బురద ఇంకా వాటికి అంటుకునే ఉంది. తాళ్ళు ఎలకలు కొరికేశాయి, కొత్తవి కావాలని పైకి రాశాను. "కొరికిన తాళ్ళు ఎన్ని?" అని జవాబొచ్చింది.

వానాకాలం పోయేదాకా ఇదే బతుకు. గోదావరి ఎంత ఎత్తులో ఉందో పైకి చెప్పాలి, పైవాళ్ళు చెప్పింది కిందికి చెప్పాలి. పడవలు ఎక్కడున్నాయి, ఈతగాళ్ళు ఎవరు, ఏ లంకలో నెలలు నిండిన ఆడపిల్ల ఉంది, బడిలో పులిహోర ఎవరు వండుతారు, అన్నీ ఈ గదిలోంచే. మధ్యలో టెలికాన్ఫరెన్సులు. ఇవి చాలనట్టు జనం ఫోన్లు. "వరద వత్తాదాండీ?" అని, రాజోలు బస్సు వస్తుందా అని అడిగినట్టు అడుగుతారు. రావచ్చండీ అంటే "ఎన్నింటికండీ?" అంటారు. ఏం చెప్పను?

మీ రేవులో పడవ మీద మైకులో తిరిగే గొంతు నాదేనని తెలుసుగా. మూడేళ్ళ కిందట నాకు జలుబు చేసి ఉండగా హడావిడిగా రికార్డు చేయించారు. మధ్యలో నా దగ్గు కూడా పడింది. ఈసారి కొత్తది చేద్దామండీ అంటే మా తహసీల్దారు మణిశంకర్ గారు "ఎందుకమ్మా, ఉన్నది బాగానే ఉందిగా" అన్నారు. ఆయనకి ఉన్నవన్నీ బాగానే ఉంటాయి. మనిషి మంచాయనే, పాపం. రిటైర్మెంటు దగ్గర పడింది, ఏ గొడవా లేకుండా ఒడ్డెక్కితే చాలనుకుంటున్నారు. నేనూ అదే అనుకుంటున్నానే దుర్గా, నాకింకా ఇరవై ఏళ్ళ సర్వీసుంది.

అన్నయ్యగారు ఎలా ఉన్నారు? అరటి బాగుందా? గేదె ఈనిందా?

నీ ఉమ.


పొన్నలంక,
జులై 19.

ఉమా,

నీ గొంతు వచ్చింది, మమ్మల్ని పడవెక్కించి తీసుకుపోయింది, మళ్ళీ తెచ్చి దింపింది. నువ్వు మాత్రం కనపడలేదు. బడి దగ్గరికి వచ్చావట, నన్ను వెతికావట. నేను ఆ సమయానికి మరుగుదొడ్డి దగ్గర వరసలో ఉన్నాను. అన్ని కుటుంబాలకి రెండే మరుగుదొడ్లు తల్లీ, నువ్వు గవర్నమెంటులో ఉన్నావు కాబట్టి చెబుతున్నాను.

ముందు నవ్వుకునే సంగతి చెప్తాను. పడవ రేవు దాటి రాకుండానే మా పిల్లకాయలు నీ దగ్గు కోసం కాచుకుని కూర్చుంటారు. "లంక గ్రామాల ప్రజలకు ముఖ్య విజ్ఞప్తి" అని నువ్వు అనగానే వీళ్ళందరూ కలిసి దగ్గుతారు, ఆ తర్వాత నువ్వు దగ్గుతావు. మా పక్కింటి పోతురాజు బాబాయైతే "ఆయ్, అమ్మగారికి మూడేళ్ళయినా జలుబు తగ్గలేదండీ, శొంఠి కషాయం పంపండి" అన్నాడు. వాళ్ళావిడ పాపాయి పిన్ని నవ్వలేక చచ్చింది. ఆ మొగుడూ పెళ్ళాలకి పొద్దున లేస్తే ఒకరినొకరు తిట్టుకోవడం, పొద్దు గుంకితే కలిసి తినడం. పిల్లలు లేరు. ఒక గేదె, అదే వాళ్ళ సంసారం.

ఇప్పుడు ఏడుపు సంగతి. ఎంత చెప్పినా గేదెల్ని పడవెక్కించలేదు. "ముందు మనుషులండీ" అన్నారు. నాలుగు రోజులు బడిలో చాపల మీద పడున్నాం. నీళ్ళేమో రేవు మెట్ల దాకా వచ్చి, చూసి, వెనక్కి పోయాయి. ఇంటికొచ్చి చూద్దుము కదా, పాలు పితికే దిక్కు లేక మా గేదెకి పొదుగు వాచిపోయింది. ముట్టుకోనివ్వడం లేదు. కోతకొచ్చిన చక్రకేళి గెలలు ఎవరో పడవలో వచ్చి చక్కగా కోసుకుపోయారు. నీళ్ళు ముంచితే గోదారమ్మ చేసిందనుకుంటాం. ఇదెవరిని అనుకోవాలే? ఈయన తోటలో మొండి చెట్ల మధ్య నిలబడి ఒక్క మాట అన్నాడు, "ఇంక ఆ ఉమ వచ్చి కాళ్ళ మీద పడ్డా నేను కదలను" అని. నువ్వంటే ఎంత అభిమానమో నీకు తెలుసు. ఆ మనిషి అలా అన్నాడు.

పోయినేడూ ఇంతే. అంతకు ముందేడూ ఇంతే. నిజంగా వచ్చిన ఏడు కూడా నీ గొంతు ఇలాగే అరిచింది. ఏది నిజమో, ఏది మీ ఆఫీసు భయమో మాకెలా తెలియాలి? అందుకే ఒకటి అడుగుతాను, కాదనకు. మైకు ఎంతైనా అరవనీ. నిజంగా మునుగుతుందని నీకు తెలిసినప్పుడు నాకొక్క ఫోన్ చెయ్యి. "దుర్గా, రా" అను చాలు. ఇంకేం అడగను. ఈయన మైకు నమ్మడు కానీ నువ్వు నాకు ఫోన్ చేస్తే నమ్ముతాడు. నేను ఆయన్ని ఇక్కడ వదిలేసి పడవెక్కలేనే. చదువుకున్న రోజుల నుంచీ నిన్ను ఏమీ అడగలేదు, ఇదొక్కటే అడుగుతున్నాను.

దుర్గ.


అంకాలపాలెం,
జులై 27.

దుర్గా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. కోపం కాదు. ఓపిక లేదు.

నీకు నిజం చెప్పేస్తాను, ఎవరితోనూ అనకు. జులైలో మిమ్మల్ని ఖాళీ చేయించక్కర్లేదని నాకు తెలుసు. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఇచ్చారు, అంతే. పైన భద్రాచలంలో అప్పటికే తగ్గుముఖం పట్టింది. మీ లంకలోకి నీళ్ళు రావాలంటే రెండో హెచ్చరిక దాటాలి. ఆ మాటే మణిశంకర్ గారితో అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుని "చూడమ్మా, ఖాళీ చేయిస్తే తిడతారు. చేయించకపోయి ఏదన్నా జరిగితే సస్పెండ్ చేస్తారు. తిట్లు తిందాం, అవి అరుగుతాయి" అన్నారు. ఆయన పైవాళ్ళు ఆయనకీ అదే చెప్పుంటారు. అందరం ఒకరి వెనక ఒకరం దాక్కుంటున్నాం, ముందు మాత్రం మైకు పెట్టాం.

నువ్వడిగింది తప్పే. ఊరందరికీ ఒక మాట, నా స్నేహితురాలికి ఒక మాట చెప్పడానికి నాకు జీతం ఇవ్వడం లేదు. మైకు మాట అబద్ధం అని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. చెయ్యను. ఈ సంగతి ఇంక రాయకు.

గేదెకి ఏం వాడుతున్నారు? పశువుల డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను, శుక్రవారం మీ రేవుకి వస్తారు. మిగతా గేదెల్ని కూడా చూపించు.

ఉమ.

ఇదంతా రాసి, కవరు అంటించి, మళ్ళీ విప్పాను. రాత్రి పడుకుంటే అన్నయ్యగారు తోటలో నిలబడ్డట్టే కనిపిస్తున్నారు. సరేనే. చేస్తాను. నేను చేస్తే మాత్రం ఎందుకు, ఏమిటి అని అడక్కుండా పడవెక్కాలి. ఎవరికీ చెప్పకూడదు. నీ పిల్లల మీద ఒట్టు.


పొన్నలంక,
ఆగస్టు 4.

ఉమమ్మా,

బంగారు తల్లివే నువ్వు. ఒట్టు, ఒట్టు, ఒట్టు. ఈయనకి చెప్పాను, ఆయనకి చెప్పకపోతే ఎలా? "ఉమ ఫోన్ చేస్తే ఆ క్షణాన బయల్దేరతాను" అని నా చేతిలో చెయ్యేసి చెప్పాడు. ఈ మాత్రం దానికి ఇన్నాళ్ళూ పోట్లాడుకున్నాం.

డాక్టరుగారు వచ్చారు. పొదుగు వాపు తగ్గింది, ఒక చన్ను మాత్రం ఎండిపోయినట్టే. పాపాయి పిన్ని పసుపు, వేపాకు నూరి పట్టు వేసింది. డాక్టరుగారు చూసి నవ్వారంతే. పిన్ని నిన్ను అడిగింది, "మీ స్నేహితురాలికి జలుబు తగ్గిందా" అని.

నువ్వు సరిగ్గా తింటున్నావా? ఉత్తరంలో అక్షరాలు కూడా అలిసిపోయినట్టున్నాయి. వీలైతే ఒక్క ఆదివారం రా, పులస కాకపోయినా ఏదో ఒక చేప పులుసు పెడతాను.

దుర్గ.


అంకాలపాలెం,
ఆగస్టు 30.

దుర్గా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

వరదలోంచి మీరంతా గట్టుకి చేరారని పడవవాళ్ళు వైర్‌లెస్‌లో చెప్పినప్పుడు ఎవరికీ ఏమీ కాలేదనుకున్నాను. పాపాయి గారి సంగతి మర్నాడు తెలిసింది. శవం దిగువన రెల్లు దుబ్బుల్లో దొరికిందని రిపోర్టు నా టేబులు మీదికే వచ్చింది. పోతురాజు గారి దగ్గరికి రావాలనుకున్నాను, ఆఫీసు వదలనివ్వలేదు. అబద్ధం ఎందుకు, వదిలినా వచ్చేదాన్ని కాదేమో. ఆయన ముఖం చూసే ధైర్యం లేదు.

నీకు ఫోన్ చేశాను. కలవలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. టవరు పోయింది. ఆఖరికి ఇంకొన్ని పడవలు పంపాను.

ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఉదయం నుంచీ పడవ మీద మైకు తిరిగింది కదా. రేవులో రెండు పడవలు ఖాళీగా నిలబడి ఉన్నాయి. ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు ఎందుకు ఎక్కలేదే? పక్క లంకల్లో సగం మందైనా ఎక్కారు. మీ లంకలో ఒక్కరూ ఎక్కలేదు. పైవాళ్ళు నన్ను అడుగుతున్నారు, నాకు జవాబు తెలియదు.

ఉమ.


పొన్నలంక,
సెప్టెంబరు 14.

ఉమాశ్రీ గారికి,

ఇన్నాళ్ళూ రాయలేదు. ఇల్లు కడిగాను, ఒండ్రు ఎత్తాను, పిన్ని పెద్ద కర్మ అయ్యింది. ఇవాళ కూర్చున్నాను.

ఎవరూ ఎందుకు ఎక్కలేదని అడిగావు. చెప్తాను. నేను ఎక్కలేదు కాబట్టి.

నేను ఒట్టు నిలబెట్టుకోలేదు ఉమా. నీ ఉత్తరం వచ్చిన రోజే పంటు మీద పాపాయి పిన్నికి చెప్పేశాను. గొప్పకే చెప్పాను. "మాకేం భయం లేదు పిన్నీ, నిజంగా వస్తే కంట్రోల్ రూమ్ నుంచి నాకు ఫోన్ వస్తుంది" అని. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటారు, నా నోట్లో అసలు నిలవనే లేదు. పిన్ని ఎవరితో అందో, వాళ్ళు ఎవరితో అన్నారో, వారం తిరక్కుండా ఊరంతా తెలిసిపోయింది. ఆ రోజు పొద్దున్న నీ మైకు రాగానే జనం రేవుకి వెళ్ళలేదు, మా ఇంటికి వచ్చారు. "దుర్గమ్మా, ఫోన్ వచ్చిందా?" రాలేదన్నాను. "అయితే ఇదీ ఉత్త దగ్గే" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చారు. రాలేదన్నాను. మా గుమ్మం ముందు నుంచి పోతూ పోతూ తొంగి చూస్తున్నారు, నేను మూట కట్టానా లేదా అని. నేను పప్పు రుబ్బుకుంటూ కూర్చున్నాను. వాళ్ళందరికీ ధైర్యం చెప్పినట్టు కూర్చున్నాను చూడూ, ఆ కూర్చోవడం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

పిన్ని గడ్డికి బయల్దేరింది. వెనక పాయ దాటి, ఆ పల్లపు చేలోకి. పోతురాజు బాబాయి వద్దన్నాడు, "మైకు అరుత్తాంది కదే" అన్నాడు. "దుర్గ ఇంకా గుమ్మంలోనే కూకుంది, నీకేం తొందరొచ్చింది" అని ఆయన్ని నాలుగు తిట్టి, కొడవలి తీసుకుని వెళ్ళింది. నా ముందు నుంచే వెళ్ళింది. "వెళ్ళొస్తానే" అంది, నేను తలూపాను. నీళ్ళు ముందు రేవు వైపు నుంచి రాలేదు, వెనక పాయలోంచి వచ్చాయి. సముద్రం పోటు మీద ఉండి నీళ్ళు తీసుకోలేదట, ఒక్కసారిగా ఎగదన్నాయి. మేం చూసేసరికి పల్లపు చేను లేదు.

బాబాయి పాయలోకి దిగబోతే నలుగురు పట్టుకుని ఆపారు. గేదె ఆకలికి అరుస్తూనే ఉంది.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఫోన్లు కలవలేదని రాశావు. ఆ రోజు ఉదయం మా ఆడపడుచు మొగల్తూరు నుంచి రెండుసార్లు చేసింది. మా భోజనాలయ్యాక కూడా సిగ్నలు ఉంది, ఈయన అరటి షావుకారుతో మాట్లాడాడు. టవరు పోయింది ఆ తర్వాతే. అంతసేపూ నువ్వేం చేస్తున్నావే? నేను ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి పప్పులో ఉంటే తడి తుడుచుకుని మరీ తీసి చూశాను. ఎందుకు చెయ్యలేదు?

నాగదుర్గ.


అంకాలపాలెం,
సెప్టెంబరు 22.

దుర్గా,

నువ్వు పూర్తి పేరుతో సంతకం పెట్టావు. పెట్టాలి.

ఫోన్లు కలిసేవి. ఆఫీసుకి రాగానే ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నీ నంబరు తెరిచాను కూడా. ఆగాను. అప్పటికి మొదటి హెచ్చరికే ఉంది. పైనుంచి దిగుతున్న నీళ్ళు మర్నాటికి గానీ మీ దగ్గరికి చేరవని లెక్క. పైన శబరి నది పొంగిందంటున్నారు, ఎంతో తెలియదు. ఇప్పుడే చేసి, మీరంతా వచ్చి, నీళ్ళు రాకపోతే? ఈసారి నా ఫోన్ కూడా మైకు లాంటిదే అయిపోతుంది. ఇంకెప్పుడూ అన్నయ్యగారు కదలరు. ఇంకో కబురు రానీ, రూఢి చేసుకుని చేద్దాం అనుకున్నాను. ఆ కబురు వచ్చాక టెలికాన్ఫరెన్సులో కూర్చోబెట్టారు. బయటికొచ్చి చేశాను, అప్పటికి టవరు పోయింది.

చూశావా నేను చేసిన పని? మైకులో ఊరందరినీ "వెళ్ళిపోండి, వెళ్ళిపోండి" అని తరిమింది నేనే. అదే గంటలో నీకు చెప్పడానికి ఇంకా తేలలేదని ఆగిందీ నేనే. మైకు మాట తప్పయినా ఫరవాలేదు, నీకు చెప్పే మాట మాత్రం తప్పకూడదనుకున్నాను. నా మాట పరువు కాపాడుకున్నానే దుర్గా. దానికి పాపాయి గారు పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నువ్వనవచ్చు, అను.

నువ్వు చెప్పడం వల్ల కాదు ఆవిడ పోయింది. ఊరందరికీ తెలియాల్సిన మాట నీ ఒక్కదాని చేతిలో పెట్టింది నేను. దాన్ని నువ్వు దాచలేకపోయావు. దాచి ఉంటే మాత్రం? మీరొక్కరే పడవెక్కి ఒడ్డు నుంచి మిగతా ఊరిని చూసేవారా?

మణిశంకర్ గారి దగ్గర అంతా చెప్పేశాను. "ప్రజలు హెచ్చరికలను ఖాతరు చేయలేదు" అని ఆయన డ్రాఫ్టు సిద్ధం చేసుకున్నారు. అది తీసేయండి సార్, జులైలో అక్కర్లేకుండా మనం ఖాళీ చేయించాం, అందుకే నమ్మలేదని రాయండి అన్నాను. నా ఫోన్ సంగతి కూడా రాయమన్నాను. "నీకు మెమో వస్తుందమ్మా" అన్నారు. రానివ్వండి అన్నాను. ఆయన సంతకం పెట్టారు. ఆయన రిటైర్మెంటు కూడా ఇరుక్కుంటుందేమో. అయినా పెట్టారు.

ఆ రికార్డు తీసేయించాను. ఇకమీదట పడవ మీద మనిషే వస్తాడు, మనిషే మాట్లాడతాడు. నీళ్ళు రావడం ఖాయమైతే ఖాయమంటాడు, తెలియకపోతే తెలియదంటాడు. ఇంతవరకూ మేం ఎప్పుడూ తెలియదు అనలేదు. గవర్నమెంటుకి ఆ మాట నోరు తిరగదు. పశువులకి వేరే పంటు అడిగాను, ఇస్తామన్నారు. ఇచ్చేదాకా నమ్మకు.

నీకు మాత్రం ఇంక ఫోన్ చెయ్యను. నన్ను అడక్కు. నీకు తెలిసేది ఊరికి తెలిసేదే.

క్షమించమని రాసి కొట్టేశాను. నువ్వు క్షమించినా పోతురాజు గారు ఉన్నారు కదా.

ఉమ.


పొన్నలంక,
అక్టోబరు 26.

ఉమా,

నీకు జవాబు రాయకూడదనుకున్నాను. పోస్టు డబ్బా దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. వాయుగుండం వచ్చి వెళ్ళింది కాబట్టి, ఏం జరిగిందో నీకు ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. వైర్‌లెస్‌లో "పొన్నలంక ఖాళీ అయింది" అని ఒక్క మాట విని ఉంటావు.

మీ వీఆర్వో విజయ్ పాల్ వచ్చాడు. మైకు పట్టుకుని రెండుసార్లు ఊది చూశాడు, పాపం భయపడుతున్నాడు. చివరికి "అండీ, ఈసారి నీళ్ళు రావచ్చు, రాకపోవచ్చు. మా ఆఫీసులో కూడా ఎవరికీ తెలియదండి. రాకపోతే నన్ను తిట్టండి. ఇప్పుడు మాత్రం పడవెక్కండి. గేదెలకి వేరే పంటు వస్తోంది" అన్నాడు. జనం ముఖముఖాలు చూసుకున్నారు. తెలియదని చెప్పడానికి ఇంత దూరం వచ్చాడా అని ఎవరో అన్నారు కూడా.

మళ్ళీ మా ఇంటి ముందుకే చేరారు. అలవాటు ఎక్కడికి పోతుంది. పోతురాజు బాబాయి వచ్చాడు. పిన్ని పోయిన తర్వాత ఆయన మా గుమ్మం వైపు రావడం అదే మొదటిసారి. అరుగు కింద నిలబడి, తల ఎత్తకుండా, "ఫోనొచ్చిందా దుర్గమ్మా?" అన్నాడు.

ఆయన నన్ను తిట్టలేదు ఉమా, ఇన్నాళ్ళలో ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది.

"రాలేదు బాబాయ్. ఇంక రాదు. ఎప్పుడూ రాదు" అన్నాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. దించి, మూత పెట్టి, తలుపు తాళం వేశాను. ఈయన నా ముఖం చూసి గేదెల పలుపులు విప్పాడు. రేవుకి నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు, కానీ మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు వినబడింది. అందరూ వచ్చారు. బాబాయి తన గేదెని పట్టుకుని పంటు మీద కూర్చున్నాడు. పంటు నిజంగానే వచ్చింది, నువ్వు నమ్మొద్దన్నావు గానీ.

మూడు రోజులు బడిలో ఉన్నాం. సాంబారు నీళ్ళలా ఉంది, మరుగుదొడ్లు ఇంకా రెండే. నువ్వు వస్తావని చూశాను. రాకుండా మంచి పని చేశావు, వస్తే ఏం మాట్లాడుకునేవాళ్ళమో నాకు తెలియదు. నీ మీద కోపం పోయిందా అంటే పోలేదు. నా మీదా పోలేదు. రెండూ కలిపి మోస్తున్నాను, కొంత బరువు అలవాటైంది. చేప పులుసుకి ఇప్పుడే పిలవను. కొన్నాళ్ళు పోనీ.

నీళ్ళు రాలేదు. రేవు రెండో మెట్టు తడిసింది, అంతే. నిన్న వెనక్కి తీసుకొచ్చారు. పడవలో విజయ్ పాల్ అందరి వైపూ బితుకుబితుకుమంటూ చూస్తున్నాడు, ఎవరు మొదలెడతారా అని. ఎవరూ తిట్టలేదు. ఒకావిడ మాత్రం తన పెరట్లో దొండపాదు ఎండిపోయుంటుందని సణిగింది.

బాబాయి నా పక్కన కూర్చున్నాడు. రేవు కనబడుతుండగా చాలా మామూలుగా, నాతో కాదు, నీళ్ళతో అన్నట్టు అన్నాడు: "ఆయేళ కూడా ఇలాగే ఊరికే ఎల్లి ఊరికే వచ్చేసుంటే, పని చెడగొట్టావని పాపాయి ఈ పాటికి నన్ను తిడతా ఉండేది కదమ్మా."

పడవ రేవుకి తగిలింది, దిగాం.

దుర్గ.